క్లేటన్ వీధి మెట్లు

మా నాన్న గుంటూరు నుంచి వచ్చినప్పుడు హైట్ వీధికి తీసుకెళ్లాను. రంగులద్దిన చొక్కాలు, అగరుబత్తీలు, గాజు గొట్టాల దుకాణాలు చూసి "తిరనాళ్లలా ఉందిరా" అన్నారు. ఇక్కడ కాపురమున్న నాకైతే తిరనాళ్లు ముగిశాక ఎత్తేయని అంగళ్లలా కనిపిస్తాయవి.

శాన్‌ఫ్రాన్సిస్కోలో హిప్పీలు ఈ పేటకే ఎందుకొచ్చారంటే పాటలూ తత్వాలూ చెబుతారు. నన్నడిగితే అద్దెలు. 1906 భూకంపం మంటలు ఇంతదూరం రాలేదు కాబట్టి పాత చెక్క మేడలు నిలిచాయి. పాన్‌హ్యాండిల్ తోటలోంచి ఫ్రీవే వేస్తారన్న భయంతో వాటి ధరలు పడిపోయాయి. కాలేజీ కుర్రాళ్లు నలుగురైదుగురు కలిసి ఒక మేడ తీసుకునేవారు.

స్విట్జర్లాండ్‌లో 1938లో ఆల్బర్ట్ హాఫ్‌మన్ తయారుచేసిన ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందు ఆ మేడల్లోకి చేరింది. దాని రుచి నవలాకారుడు కెన్ కేసీకి చూపించింది దొంగ వ్యాపారులు కాదు, మెన్లో పార్క్ సర్కారు ఆసుపత్రి! అక్కడ జరిగిన మత్తుమందు ప్రయోగాల వెనక సొమ్ము అమెరికా గూఢచారి సంస్థ సీఐఏది.

1966 జనవరిలో థెలిన్ అన్నదమ్ములు హైట్ వీధిలో సైకెడెలిక్ షాప్ తెరిచారు. అక్టోబర్ 6న కాలిఫోర్నియా ఎల్‌ఎస్‌డీని నిషేధించింది. ఆ రోజే పాన్‌హ్యాండిల్‌లో జనం చేరి ఆడిపాడారు. 1967 మొదట్లో పక్కనే ఫ్రెడరిక్ వీధిలో ఇస్కాన్ స్థాపకుడు ప్రభుపాద కృష్ణమందిరం వెలిసింది. మత్తు పనికిరాదన్నది ఆయన నియమాల్లో ఒకటి. అయినా ఆ కుర్రకారే అక్కడ భజనకు కూర్చునేది.

ఆ వేసవికి లక్షమంది దాకా వచ్చిపడ్డారంటారు. టూరిస్టు బస్సులు వింత మృగాల్ని చూపించినట్టు ఈ పిల్లల్ని చూపించేవి. వీళ్లు బస్సు కిటికీలకు అద్దాలు ఎత్తిపట్టేవారు, మీ మొహాలు మీరే చూసుకోండన్నట్టు.

జూన్ 7న క్లేటన్ వీధి 558 నంబరు మేడపైన, ఒకప్పుడు పళ్ల డాక్టరు ఉన్న గదుల్లో, డాక్టర్ డేవిడ్ స్మిత్ ఉచిత క్లినిక్ పెట్టారు. మెట్ల నిండా జనం. ఎల్‌ఎస్‌డీ బెడిసికొట్టి వణికిపోయే పిల్లల్ని ఒక ప్రశాంతమైన గదిలో కూర్చోబెట్టి, నెమ్మదిగా మాట్లాడుతూ మత్తు దించేవారు. పోలీసుల్ని పిలిచేవారు కాదు. ఈ పేట చరిత్రలో నాకు ముఖ్యం పోస్టర్లు కాదు, ఆ గది.

అక్టోబర్‌లో సైకెడెలిక్ షాప్ మూతపడింది. హిప్పీ చచ్చిపోయాడంటూ కుర్రాళ్లే వీధిలో శవపేటిక ఊరేగించారు. తర్వాత స్పీడు, హెరాయిన్ లాంటి మత్తుమందులు వచ్చాయి. క్లినిక్‌కి పని పెరిగింది.

నాన్నకు ఇదంతా చెబుతూ ఆ మేడ ముందు ఆగాను. ఆయన మెట్లకేసి చూసి, "ఊరికే మందిచ్చారా?" అన్నారు. ఏ మందు గురించి అడుగుతున్నారో నాకు వెంటనే అర్థం కాలేదు.