నవంబరు ఒకటవ తేది

కొన్ని తేదీలు వట్టిగా పోవును. కొన్ని మాత్రము పలు ముచ్చటలు మూటగట్టుకొని వచ్చును. నవంబరు 1 అట్టిది. 1897లో ఆనాడే దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు జన్మించిరి. వారు ఆకాశవాణిలో పనిచేసినవారగుటచే ఆ తేదీపై మాకు కొంత స్వంతపు మమకారము కలదు. 1954లో ఫ్రెంచివారి పాలననుండి యానాము భారత పాలనలోనికి వచ్చినదియు ఆనాడే.

వికారాబాదు, తాండూరు ప్రాంతములవారికి ఈ తేదీతో వేరొక లెక్క కలదు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించినది, మైసూరు రాష్ట్రము విస్తరించినది, ఆ రెంటి నడుమ క్రొత్త సరిహద్దు వెలసినది. అంతవరకు తాండూరు, కొడంగల్ తాలూకాలు గుల్బర్గా జిల్లాలోనివి. గుల్బర్గా మైసూరునకు పోగా, ఈ రెండు తాలూకాలు తెలుగువైపు వచ్చినవి. వచ్చియు ఒకచోట ఉండలేదు: తాండూరు హైదరాబాదు జిల్లాలో, కొడంగల్ మహబూబ్‌నగర్ జిల్లాలో చేరినవి. ఇరుగుపొరుగు ఊళ్ల రైతులు జిల్లా కచేరి పనికై చెరియొక దారి పట్టవలసి వచ్చినది. భాషనుబట్టి గీచిన గీత యిది. అయినను తాండూరు అంగళ్లలో తెలుగు, ఉర్దూ, కన్నడము నేటికిని కలిసియే వినవచ్చును. అనంతగిరి కొండలలో పుట్టిన కాగ్నా నది తాండూరు మీదుగా ఆ గీతను దాటి భీమానదిలో కలియుచునే యున్నది.

1978 ఆగస్టు 15న రంగారెడ్డి జిల్లా ఏర్పడగా వికారాబాదు, తాండూరు అందు చేరినవి. కొడంగల్ మాత్రము మహబూబ్‌నగర్‌లోనే నిలిచినది. 2014లో తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన పిదప, 2016 అక్టోబరు 11న వెలసిన వికారాబాదు జిల్లాలో తాండూరు, కొడంగల్ మరల కలిసికొన్నవి. అరువది ఏండ్లకు సరిగా మూడు వారములు తక్కువ. ఆనాడు విజయదశమి.