క్యాప్చర్ కార్డు లైవ్‌లో ఎన్‌కోడింగ్ సెట్టింగులు: పినపాక – భద్రాచలం ప్రాంతం

కెమెరా నుంచి హెచ్‌డీఎంఐ కేబుల్ మీదుగా వచ్చే బొమ్మను కంప్యూటర్‌కు అందించేది క్యాప్చర్ కార్డు. ఆ బొమ్మను నెట్‌లో పట్టేలా కుదించి పంపేది ఎన్‌కోడర్. రిజల్యూషన్, సెకనుకు ఫ్రేములు, బిట్‌రేటు, కీఫ్రేమ్ వ్యవధి, ప్రీసెట్... ఈ అయిదింటినీ కలిపి ఎన్‌కోడింగ్ సెట్టింగులంటారు. పెళ్లి లైవ్ ఇచ్చేవారు చాలామంది రిజల్యూషన్‌తో లెక్క మొదలుపెడతారు. గోదావరి ఒడ్డున, అడవి అంచున ఉన్న పినపాక లాంటి మండలంలో అప్‌లోడ్ వేగంతో మొదలుపెట్టడమే సరైన క్రమం.

2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడే దాకా పినపాక ఖమ్మం జిల్లాలోనే ఉండేది. ఈ ప్రాంతానికి ప్రత్యక్ష ప్రసారం కొత్త సంగతేమీ కాదు. భద్రాచలం సీతారాముల కల్యాణాన్ని ఆకాశవాణిలో ఉషశ్రీ వ్యాఖ్యానంతో విన్న తరం ఇప్పటికీ ఆ గొంతును తలుచుకుంటుంది. 2020 ఏప్రిల్ 2న, మళ్లీ 2021లో, కరోనా వల్ల ఆ కల్యాణం భక్తులు లేకుండానే జరిగింది. జనం టీవీల్లో చూశారు. పల్లెల్లో పెళ్లి లైవ్‌కు గిరాకీ పెరిగింది కూడా సుమారుగా ఆ రోజుల్లోనే. అంతకుముందే అమెరికాలోని బంధువుల కోసం లైవ్ లింకు పెట్టినవారు లేకపోలేదు. అది మామూలు అలవాటుగా మారింది మాత్రం రాకపోకలు ఆగిపోయిన ఆ రెండేళ్లలోనే అనుకోవచ్చు. టీవీ చానళ్లకు బయటి నుంచి ప్రసారం చేసే ఓబీ వ్యాన్లుంటాయి. ఊళ్లో స్టూడియోకు ఉండేది ఒక కెమెరా, ఒక క్యాప్చర్ కార్డు, ఒక ల్యాప్‌టాప్, ఫోన్ హాట్‌స్పాట్.

తెలుగు పెళ్లిలో ఎన్‌కోడర్‌ను అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది తలంబ్రాల ఘట్టం. కుదింపు అంతా కిందటి ఫ్రేములో ఉన్నదాన్ని మళ్లీ పంపకుండా తప్పించుకోవడం మీదే నడుస్తుంది. పురోహితుడు మంత్రం చదువుతున్నంత సేపూ వెనక పందిరి కదలదు, బిట్లు మిగులుతాయి. దోసిళ్లతో తలంబ్రాలు పోసేటప్పుడు వేల గింజలు ఒక్కోటీ ఒక్కో దారిన పడతాయి. కిందటి ఫ్రేముతో పోల్చుకోవడానికి ఏమీ దొరకదు. దానికి తోడు ఫ్లాష్ లైట్లు, గాల్లో ఎగిరే పూలు. అందరూ ఎదురుచూసిన ఆ క్షణంలోనే బొమ్మ గళ్లుగళ్లుగా విరుగుతుంది. కాబట్టి సెట్టింగులను పరీక్షించాల్సింది ఖాళీ మండపం మీద కాదు; గుప్పెడు బియ్యం కెమెరా ముందు పోసి చూడాలి.

లెక్క ఇలా ఉంటుంది. 720పి, సెకనుకు 25 ఫ్రేములు అంటే సెకనుకు సుమారు 2.3 కోట్ల పిక్సెళ్లు. 2,500 కేబీపీఎస్ ఇస్తే ఒక్కో పిక్సెల్‌కు 0.11 బిట్లు దక్కుతాయి. అదే బిట్‌రేటుతో 1080పి పంపితే 0.05కు పడిపోతుంది. మొదటిది కాస్త మెత్తగా కనిపించినా విరగదు. రెండోది బొమ్మ కదలనంతసేపే బాగుంటుంది. యూట్యూబ్ సూచనలు కూడా కాలాన్ని బట్టి మారాయి. 1080పి, 30 ఫ్రేములకు పాత పట్టికల్లో 3,000 నుంచి 6,000 కేబీపీఎస్ దాకా కనిపిస్తుంది. తర్వాతి పట్టికలో హెచ్.264కు 10 ఎంబీపీఎస్ అని ఉంది. పెద్ద అంకె స్థిరమైన ఫైబర్ ఉన్నవారికి పనికొస్తుంది. 4జీ మీద నడిపేవారికి పాత అంకెలే నమ్మదగినవి. అప్‌లోడ్ వేగాన్ని ముహూర్తం వేళకే, మండపం దగ్గరే కొలవాలి. వచ్చిన దాంట్లో సగానికి మించి బిట్‌రేటు పెట్టకపోవడం మంచిది, ఎందుకంటే అతిథులంతా చేరాక అదే టవర్ మీద వందల ఫోన్లు పడతాయి.

ఫ్రేముల విషయంలో భారతదేశానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఇక్కడి కరెంటు 50 హెర్ట్జ్. దానికి తగ్గ పాల్ టీవీ పద్ధతిలో అమర్చిన కెమెరాలు 25 లేదా 50 ఫ్రేములు ఇస్తాయి. లైవ్ పంపడానికి వాడే ఓబీఎస్ సాఫ్ట్‌వేర్ మామూలుగా 30కి అమర్చి వస్తుంది. 25ను 30గా పంపితే సెకనుకు అయిదు ఫ్రేములు రెండేసిసార్లు కనిపించి, కెమెరా పక్కకు తిరిగినప్పుడల్లా బొమ్మ కుదుపుతుంది. ఓబీఎస్‌లో కూడా 25 పెట్టి, షట్టర్ 1/50 దగ్గర ఉంచితే ఈ కుదుపు పోతుంది, లైట్ల మినుకు కూడా చాలావరకు తగ్గుతుంది.

క్యాప్చర్ కార్డు సంగతి క్లుప్తంగా. యూఎస్‌బీ 2.0 గరిష్ఠ వేగం 480 ఎంబీపీఎస్. కుదించని 1080పి, 25 ఫ్రేముల బొమ్మకు వైయూవై2 రూపంలో దాదాపు 830 ఎంబీపీఎస్ కావాలి. అందుకే ఎంఎస్2109 చిప్ ఉన్న చవక కార్డులు బొమ్మను ముందే ఎంజేపెగ్‌గా నలిపి పంపుతాయి. పెట్టె మీద 4కే అని అచ్చు వేసి ఉన్నా అది లోపలికి తీసుకోగల సిగ్నల్ మాత్రమే. యూఎస్‌బీ 3.0 కార్డుకు పెట్టే డబ్బు ఎర్ర పట్టుచీర జరీ అంచులో కనిపిస్తుంది. 4:2:0 కుదింపులో రంగు వివరం ఎలాగూ తగ్గుతుంది. నలిగిన బొమ్మను మళ్లీ నలిపితే ఆ ఎరుపు ఇంకా అలుక్కుపోతుంది.

ఎన్‌కోడర్లలో ఎక్స్264 ప్రాసెసర్ మీద నడుస్తుంది. ఓబీఎస్‌లో దాని మామూలు ప్రీసెట్ ‘వెరీఫాస్ట్’. హార్డ్‌వేర్ ఎన్‌కోడర్లయిన ఇంటెల్ క్విక్ సింక్ 2011 నుంచి, ఎన్విడియా ఎన్వెంక్ 2012 నుంచి ఉన్నాయి. తొలి తరాల ఎన్వెంక్ నాణ్యత మీద విమర్శలున్నా, 2018 నాటి ట్యూరింగ్ గ్రాఫిక్స్ కార్డుల తర్వాత అవి బాగా తగ్గాయి. ఏప్రిల్, మే ముహూర్తాల్లో, ఎండ మండే పందిరి కింద ల్యాప్‌టాప్ వేడెక్కి వేగం తగ్గించుకుంటుంది. అందువల్ల హార్డ్‌వేర్ ఎన్‌కోడరే మేలు. బొమ్మ ఆగితే ఓబీఎస్ స్టాట్స్ కిటికీలో చూడాలి: నెట్‌వర్క్ వరుసలో ఫ్రేములు పోతుంటే బిట్‌రేటు తగ్గించాలి, ఎన్‌కోడింగ్ వరుసలో పోతుంటే ఇంకా వేగమైన ప్రీసెట్‌కు మార్చాలి.

హెచ్.265, ఏవీ1 తక్కువ బిట్లలోనే బాగా చూపిస్తాయి. మెరుగుపరచిన ఆర్‌టీఎంపీ ద్వారా వాటిని యూట్యూబ్‌కు పంపే సౌకర్యం ఓబీఎస్‌లోకి 2023లో వచ్చింది. పాత ల్యాప్‌టాప్‌లున్న చోట ఇప్పటికీ హెచ్.264దే రాజ్యం.

మిగతావి స్థిరమే: బిట్‌రేటును మారకుండా ఉంచే సీబీఆర్, రెండు సెకన్లకో పూర్తి ఫ్రేము (కీఫ్రేమ్), 128 కేబీపీఎస్ ఏఏసీ శబ్దం. యూట్యూబ్‌లో ఆలస్యం (లేటెన్సీ) ‘నార్మల్’లో ఉంచితే నెట్ తడబడ్డా చూసేవారి దగ్గర కొంత నిల్వ ఉంటుంది. 2,500 కేబీపీఎస్ లైవ్ గంటకు దాదాపు 1.2 జీబీ తింటుంది. రోజుకు 2 జీబీ ఇచ్చే ప్యాకు రెండు గంటలు కూడా నిండకుండానే అయిపోతుంది. కొత్త యూట్యూబ్ చానల్‌లో లైవ్ సౌకర్యం తెరుచుకోవడానికి 24 గంటల దాకా పట్టవచ్చు కాబట్టి దాన్ని కనీసం ముందు రోజే తెరిపించాలి. లైవ్‌తో పాటు ల్యాప్‌టాప్‌లో రికార్డింగ్ కూడా పెట్టేవారు ఎంకేవీ రూపం ఎంచుకుంటారు. మధ్యలో కరెంటు పోయి ల్యాప్‌టాప్ ఆగినా అప్పటిదాకా రికార్డయింది తెరుచుకుంటుంది. మామూలు ఎంపీ4 ఫైలైతే తెరుచుకోకపోవచ్చు.