ఆస్టరిస్క్

మామూలు లినక్స్ కంప్యూటర్‌ను టెలిఫోన్ ఎక్స్ఛేంజీగా మార్చే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. అమెరికాలోని అలబామా రాష్ట్రానికి చెందిన మార్క్ స్పెన్సర్ 1999లో దీన్ని రూపొందించారు. తన చిన్న సంస్థకు ఎక్స్ఛేంజీ కొనే స్తోమత లేక, సొంతంగా రాసుకున్నారు. జీపీఎల్ లైసెన్సుతో ఉచితంగా లభిస్తుంది.

ఇన్‌స్టాల్ చేశాక ప్రధానంగా రెండు ఫైళ్లు రాయాలి. ‘పీజేసిప్’ ఫైలులో ఫోన్ల పేర్లు, పాస్‌వర్డులు ఉంటాయి. ‘ఎక్స్‌టెన్షన్స్’ ఫైలు అసలు గుండెకాయ: ఏ నంబరు నొక్కితే ఏ ఫోను మోగాలో, ఎవరూ ఎత్తకపోతే ఏం జరగాలో అందులోనే రాస్తారు. కాల్ సంకేతాలు సాధారణంగా సిప్ అనే పద్ధతిలో 5060 పోర్టు మీదుగా, మాట ఆర్‌టీపీ అనే పద్ధతి ద్వారా వేరే పోర్టుల్లో నడుస్తాయి. ఫైర్‌వాల్‌లో ఆ రెండో దారి మూసుకుపోతే ఫోను మోగుతుంది గానీ మాట వినిపించదు. కొత్తవారిని ఎక్కువగా తికమక పెట్టేది ఇదే.

కన్నడ, ఉర్దూ, మరాఠీ, తెలుగు కలగలిసి వినిపించే బీదర్ వంటి ఊళ్లో ఆసుపత్రికో కళాశాలకో ఇది బాగా పనికొస్తుంది. ఒక్కో భాషలో సందేశాలు రికార్డు చేసి, ఫోను చేసినవారినే భాష ఎంచుకోనివ్వవచ్చు. బయటి నంబర్లకు కలపాలంటే లైసెన్సున్న టెలికాం సంస్థ నుంచి సిప్ ట్రంక్ అనే ఫోను లైను తీసుకోవాలి. బలహీనమైన పాస్‌వర్డుతో సర్వర్‌ను ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచవద్దు. అలా చొరబడినవారు చేసే దొంగ కాల్స్ బిల్లు యజమానిపైనే పడుతుంది.