చల్లని నీటి చేప, వరదనీటి చేప

పుదుచ్చేరి పట్టణానికి దక్షిణాన అరియాంకుప్పం నది సముద్రంలో కలుస్తున్నది. అది శంకరాపరణి నదికి ఒక పాయ. సెంజి కొండల ప్రాంతాన పుట్టిన ఆ నదికి ముఖ్యమైన ఆధారం ఈశాన్య ఋతుపవనం. కార్తీక మార్గశిరాలలో నిండుగా పారిన నది వైశాఖం నాటికి ఎగువన ఇసుకమేటగా మారుతుంది. దిగువన ఆటుపోట్ల ఉప్పునీరు మిగులుతుంది. పండుగప్ప వంటి చేపలు ఆ నీటికి అలవాటుపడినవి. ట్రౌట్ మాత్రం అందులో ఒక్క వేసవి దినమైనా బ్రతుకజాలదు.

దీనికి కారణం స్పష్టమే. నీరు వెచ్చనైన కొలదీ అందులో కరిగి ఉండే ప్రాణవాయువు తగ్గుతుంది. పది డిగ్రీల చల్లదనంలో లీటరు నీటియందు సుమారు 11 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఇమిడితే, ముప్పది డిగ్రీల వద్ద ఏడున్నరకు మించి ఇమడదు. ఇరువది డిగ్రీలు దాటిన నీటిలో ట్రౌట్ అలసిపోతుంది. అందుచేత ఐరోపాలో ఈకలతో, దారంతో ఈగవలె కట్టిన ఎరను నీటిపై విసరి ఈ చేపను పట్టే వినోదకారులు వేసవిలో తెల్లవారుజామునో సంధ్యవేళనో ఏటికి పోతారు. నడిఎండలో గాలానికి చిక్కిన చేపను తిరిగి నీట విడిచినా అది తేరుకొనడం కష్టమని వారెరుగుదురు.

ఇట్టి సుకుమారమైన చేపను దక్షిణదేశానికి తేవలెనన్న సంకల్పం ఆంగ్లేయులకు కలిగినది. మద్రాసు సైన్యంలో వైద్యుడైన ఫ్రాన్సిస్ డే 1860 దశకంలో ఇంగ్లండు నుండి ట్రౌట్ గ్రుడ్లను నీలగిరికి చేర్చ యత్నించి విఫలుడైనాడు. ఉష్ణసముద్రాల మీదుగా సాగే ఆ దీర్ఘప్రయాణంలో గ్రుడ్లను చల్లగా నిలుపుట సాధ్యం కాలేదు. తరువాత 1907లో హెచ్.సి. విల్సన్ అవలాంచి వద్ద గ్రుడ్లను పొదిగించే కేంద్రాన్ని నెలకొల్పినాడు. అమెరికా పశ్చిమతీరపు ఏరులకు చెందిన రెయిన్‌బో ట్రౌట్ ఆ మన్యపు వాగులలో నిలద్రొక్కుకొన్నది. సముద్రమట్టానికి రెండువేల మీటర్లకు పైబడిన ఆ ఎత్తున వేసవి కూడా నీటిని వేడెక్కించలేదు.

ఈ కథను ఇంతటితో ముగిస్తే అది దొరల వినోదచరిత్ర మాత్రమే అవుతుంది. కాని అదే డే దొర పేరు మరొక చేప చరిత్రలో కూడా కనిపిస్తుంది. ఆయన 1871లో భారత మత్స్యశాఖకు ఇన్స్పెక్టరు జనరలుగా నియుక్తుడై, 1873లో ఈ దేశపు మంచినీటి చేపలను గూర్చి ఒక నివేదిక వెలువరించినాడు. సముద్రం నుండి నదుల కెదురీది వచ్చి గ్రుడ్లు పెట్టే చేపలకు ఆనకట్టలు అడ్డుగోడలైనవనీ, దాటలేక దిగువన గుమిగూడిన చేపలు విచక్షణ లేకుండా పట్టుబడుతున్నవనీ అందులో హెచ్చరించి, కట్టలలో చేపలకు దారులు విడువవలెనని సూచించినాడు. విల్సన్ కూడా ట్రౌట్‌తో తృప్తిపడలేదు. పుదుచ్చేరికి దక్షిణాన పారే కొల్లిడం నదిలో అటువంటి చేప గ్రుడ్లనే కృత్రిమంగా ఫలింపజేయ యత్నించినాడు.

ఆ చేప తెలుగువారికి కొత్తది కాదు. సముద్రంలో ఉన్నంతకాలం దానిని విలస అంటారు. ఆషాఢ శ్రావణాలలో ఎర్రనీరు దిగగానే గోదావరిలో ఎదురీది వచ్చి, రుచి మారి, పులస అవుతుంది. పుస్తెలమ్మి అయినా పులస తినవలెనని సామెత. గౌతమీ తీరాన నున్న యానాం 1954 వరకు ఫ్రెంచివారి పాలనలో ఉండి, నేడు పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. కనుక ఈ పట్టణపు పరిపాలనకు చెందిన ఒక ఊరి ముంగిటనే ప్రతి ఏడూ ఈ యాత్ర మొదలవుతున్నది. అయితే 1847లో ఆరంభమై 1852లో పూర్తియైన ధవళేశ్వరం ఆనకట్ట ఆ యాత్రకు ఎల్ల గీసినది. ఆ ఆనకట్ట డెల్టాను క్షామం నుండి కాపాడినదన్నది నిజం; పులసకు ఎగువ దారి మూసినదన్నదీ అంతే నిజం. కావేరిలో 1934లో మేట్టూరు జలాశయం వరదను పట్టి నిలిపిన తరువాత అక్కడి పులస సంతతి మరింత క్షీణించినది.

ఈ చేపలను శాస్త్రం గుర్తించిన చరిత్రలోనూ పుదుచ్చేరికి స్థానం ఉన్నది. 1816 నుండి 1822 వరకు ఇక్కడ నివసించిన ప్రకృతిశాస్త్రజ్ఞుడు లెషెనో ఈ తీరపు మత్స్యాలను సేకరించి పారిసుకు పంపినాడు. కువియే, వలాంసియెన్ పండితులు 1828 నుండి 1849 వరకు వెలువరించిన ఇరువదిరెండు సంపుటాల మత్స్యశాస్త్ర గ్రంథానికి ఆ సేకరణ ఉపకరించినది. ఇక్కడి జాలరి వలలో పడిన చేప అక్కడ గ్రంథస్థమైనది.

పరదేశపు చేపకోసం సముద్రాలు దాటించి గ్రుడ్లు తెచ్చిన ప్రభుత్వమే, స్వదేశపు చేప నడిచే దారికి అడ్డంగా రాళ్లు పేర్చినది. ఈ రెంటిలో దేనినీ ద్వేషంతో చేసినదని చెప్పరాదు. ఒకటి వినోదంకోసం, ఒకటి పంటకోసం. కాని చేపకు ఉద్దేశాలతో పని లేదు. దానికి కావలసినవి తగినంత నీరు, తగిన చల్లదనం, తెరచిన దారి. వేసవులు నానాటికి తీవ్రమవుతున్న మన కాలంలో నీలగిరి ట్రౌట్‌కైనా, గోదావరి పులసకైనా ఈ మూడూ ముందువలె నిశ్చయం కావు. డే దొర నూటయేబది ఏండ్ల నాడు చెప్పిన మాట కనుకనే ఇంకా పాతబడలేదు.