చంద్రగిరి రాజమహలు: కొలువుకూటము నుండి ప్రదర్శనశాల వఱకు

కొలువు తీరుట, ఫిర్యాదు వినుట, తీర్పు చెప్పుట నేడు వేర్వేరు భవనములలో జరుగు పనులు. రాయల కాలమున ఇవన్నియు రాజు కొలువుననే సాగెడివి. అట్టి కొలువు తీరిన చోట్లలో తిరుపతి సమీపమునగల చంద్రగిరి ఒకటి.

1485లో విజయనగర సింహాసన మెక్కిన సాళువ నరసింహునకు మొదట బలమిచ్చినది ఈ దుర్గమే. కృష్ణదేవరాయల తమ్ముడగు అచ్యుతరాయలు రాజగుటకు ముందు ఇచటనే నిర్బంధములో నుండెను. 1565 నాటి రాక్షసి తంగడి యుద్ధము తరువాత రాజధాని పెనుగొండకు, అటుపిమ్మట రెండవ వేంకటపతిరాయల కాలమున చంద్రగిరికి మాఱినది. చెఱసాలయైన కోటయే రాజధానియైనది.

మద్రాసు కోటకు చోటిచ్చిన పట్టా ఈ మహలులోనే వ్రాయబడినదని జనశ్రుతి కలదు. ఇచట రెండు పత్రములను వేఱుచేసి చూడవలెను. 1639లో ఫ్రాన్సిస్ డేకు పట్టా నొసగినవాడు దామెర్ల వేంకటప్ప నాయకుడు. మూడవ శ్రీరంగరాయలు దానిని స్థిరపఱచినది 1645లో. మఱుసటి యేడే చంద్రగిరి గోలకొండ వశమైనది. తరువాత ఆర్కాటు నవాబుల చేతికి, 1782లో హైదరాలీ చేతికి, 1801లో కుంఫిణీ చేతికి పోయినది.

ఏలికలు మాఱినను మహలు ఏల నిలిచినది? దాని నిర్మాణములోనే కొంత సమాధానమున్నది. మూడంతస్తుల ఈ కట్టడము రాయి, ఇటుక, సున్నములతో కట్టబడినది, కలప వాడలేదు. చెదపట్టుటకు, కాలిపోవుటకు అందులో ఏమియు లేదు. ప్రక్కనున్న రాణిమహలు రాణివాసము కాదనియు, సేనానుల నివాసమనియు కొందఱు పరిశోధకుల తలంపు. కాబట్టి పేరును బట్టియే భవనపు పూర్వోపయోగమును నిర్ణయింపరాదు.

1988-89లో భారత పురావస్తుశాఖ రాజమహలులో ప్రదర్శనశాలను నెలకొల్పినది. గుడిమల్లము, గండికోట, యాగంటి మొదలగు చోట్ల శిల్పములు ఇందు చేరినవి. ఒకనాడు అనుమతి లేనిదే సామాన్యుడు అడుగిడలేని యింట నేడు పల్లెబడి పిల్లలు సైతము తిరుగాడుచున్నారు.

పాతభవనమును కాపాడుట యనగా తాళము వేయుట కాదు. దానికి తగిన పని కల్పించుట. పనిలేని ఇంటికి బూజు పట్టును, పిదప కప్పు కూలును. మన యూళ్లలో మూతపడిన కచేరీలను, పాత కోర్టు భవనములను పడగొట్టుటకు ముందు, వానికి తగిన వేఱొక పని కలదేమో యోచించుట మనకు విధి.