పని, రాబడి, పోబడి – మన డెల్టా కుటుంబముల చరిత్ర

కౌటిల్యుని అర్థశాస్త్రమున 'గోపుడు' అను ఉద్యోగి యొకడు కనబడును. అయిదు గ్రామములకో పది గ్రామములకో యతడు లెక్కరి. పొలముల కొలతలు, ఎల్లలు మాత్రమే గాక యింటింటి లెక్కయు నతడు వ్రాయవలెను. ఏ యింట సేద్యము చేయువారెందరు, పసుల కాపరులెందరు, వర్తకులెందరు, కూలివాండ్రెందరు, వారి ఆయమెంత, వ్యయమెంత – ఇవి యన్నియు నతని పుస్తకమున నుండవలెను. లెక్కలు వ్రాయుటయే బ్రతుకుతెరువుగా గలవాడను గావున ఆ ఘట్టము చదివినపుడెల్ల నాకొక సంగతి తోచుచుండును. తరువాతి కాలపు మన గ్రామలెక్కలలో నేల లెక్క నిలిచినది గాని యింటి లెక్క నిలువలేదు. అడంగలు, పట్టా, శిస్తు బాకీ – అన్నియు నేలకు సంబంధించినవే. 1984లో కరణీకములు రద్దగువరకు తరతరములుగా వ్రాసిన కవిలెలను తిరుగవేసిన, ఏ సర్వే నంబరులో ఏ పంట పండెనో తెలియును. ఆ పంట కోసినవాని యింట ఆ యేడు ఎన్ని దినములు పొయ్యి రాజెనో మాత్రము తెలియదు.

గోదావరి సీమ సిరిగల సీమ యని లోకప్రతీతి. ఎకరము లెక్కన చూచిన నది నిజమే. ఇంటి లెక్కన, అందును ఏడాదిలో ఎన్ని దినములు పని దొరకెనను లెక్కన చూచిన మరియొక చరిత్ర కనబడును. కూలి రేటు హెచ్చెనా తగ్గెనా యని రచ్చబండపై వాదములు విరివిగా జరుగును. పనిదినములెన్ని యని యడుగువారు తక్కువ. నా యెరుకలో, మన సీమలో లేమికి మూలము ఆ రెండవ ప్రశ్నలోనే యున్నది.

ఆనకట్టకు పూర్వపు స్థితిని ముందుగా చెప్పవలెను. రాజమహేంద్రవరపు జిల్లాలో 1821లో ఏడు లక్షల ముప్పదివేలకు పైబడిన జనసంఖ్య, 1841 నాటికి సుమారు అయిదు లక్షల అరువదివేలకు దిగిపోయెను. ఇరువదియేండ్లలో నలుగురిలో నొకరు లేకుండ పోయిరన్నమాట. నందననామ సంవత్సరపు కరువు (1832–33) అందులకొక కారణము. 1839లో కొరంగిని ముంచిన తుపాను మరియొకటి. కాని వీనికి ముందే ఒక దెబ్బ తగిలియున్నది. మాధవాయపాలెము, ఇంజరము, బండమూర్లంక – ఈ మూడు చోట్లను ఇంగ్లీషు కంపెనీవారి బట్టల కొఠీలుండెడివి. మన సాలెవారు నేసిన గుడ్డ ఓడలెక్కి సీమకు పోయెడిది. మరమగ్గపు గుడ్డ ఇంగ్లండునుండి మనకే దిగుమతి కాజొచ్చిన పిదప, 1830 ప్రాంతమున కంపెనీవారు ఆ కొఠీల కొనుగోళ్లు మానివేసిరి. మగ్గము మూలబడిన సాలె కుటుంబము కూలి పనికి దిగెను. వానలు లేక కూలి పనియు లేనపుడు కరువు వచ్చెను. అంగడిలో గింజ యున్నను, దానిని కొనుటకు పని లేనివానికి అది లేనట్లే.

1847లో ధవళేశ్వరమువద్ద ఆరంభమై 1852లో పూర్తియైన ఆనకట్ట యీ సీమ ముఖమునే మార్చివేసెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము – నాలుగు పాయలపై నాలుగు ఖండములుగా కట్టిన యా కట్టడము మహాకార్యమనుటకు సందేహము లేదు. సర్ ఆర్థరు కాటన్ దొరగారి విగ్రహము లేని యూరు మన డెల్టాలో అరుదు. (రాయి మోసిన వేలమంది పేర్లు ఎవరును వ్రాసి యుంచలేదు.) కాలక్రమమున సుమారు పది లక్షల ఎకరములకు నీరు పారినది. మెరక మాగాణి యయ్యెను, మాగాణికి ధర వచ్చెను, ధర గల భూమిపై అప్పు పుట్టెను, ఆ అప్పుతో పిల్లల చదువులు, మిల్లులు, పట్టణమున మేడలు వచ్చినవి. భూమి గల యింటికి కాలువనీరు తరతరముల ఆస్తి యయ్యెను.

భూమి లేని యింటికి ఆ నీరు తెచ్చినది పని. అది యెట్టి పనియో కొంచెము నిదానించి చూడవలెను. కాలువలకు నీరు వదలినది మొదలు ఆకుమళ్లు, దమ్ము, ఊడ్పులు – ఊరంతయు ఒక్కసారిగా పొలములోనే యుండును. ఇంటిలో నున్న ముసలి, పిల్ల కూడ చాలరు. తరువాత ఒకటి రెండు మారులు కలుపు. అటుపిమ్మట వెన్ను పాలు పోసుకొని గింజ గట్టిపడువరకు కూలివానికి పొలముతో పనిలేదు. మరల కోతలు, పనలు కట్టుట, కుప్పలు, నూర్పిళ్లు. దాళ్వా యున్నచోట ఇదే వరుస రెండవసారి. వేసవిలో మరమ్మతులకై కాలువలు కట్టివేసిన పిమ్మట డెల్టా ఎండిన చెరువే. వరి యను పంట రెండు మూడు వారములు పదిమంది పని అడిగి, తరువాత రెండు నెలలు ఒక్కని కూడ అడుగదు. ఒకే పంటపై ఆధారపడిన సీమలో పని యంతయు ఒక్కసారి వచ్చి, లేమి కూడ అందరియింట ఒక్కసారే వచ్చును. పొరుగింట చేబదులు పుట్టదు. ఏలయన పొరుగింటివాడును ఖాళీగానే యున్నాడు.

అందుచేతనే మన సీమ చరిత్రలో నొక వింత జరిగినది. ఊడ్పులకు, కోతలకు విశాఖపట్టణము, శ్రీకాకుళము ప్రాంతములనుండి మూటా ముల్లెతో కూలిజనము దిగెడివారు. అదే కాలమున మనవారు కాకినాడ రేవున పొగయోడ లెక్కి రంగూను పోయెడివారు. అంతకు పూర్వమే, 1843లో కొరంగి రేవునుండి 'కొరింగా పాకెట్' అను నౌకలో మన తెలుగువారు మారిషసు చెరకు తోటలకు పోయియున్నారు. బర్మాలో తెలుగు కూలికి 'కొరంగీ' యనియే పేరు. వరి విరివిగా పండు నేలనుండి మనుష్యులు వరి మిల్లులలో బస్తాలు మోయుటకు సముద్రము దాటి పోవుటేమని చదువరులకు తోచవచ్చును. రంగూను రేవులో ఏడాది పొడుగున పని యుండెడిది. ఇక్కడ నుండెడిది కాదు. మేస్త్రీ బయానా ఇచ్చి తీసికొనిపోయెడివాడు, ఆ బయానా తీరువరకు మనిషి వానికి తాకట్టు. అయినను పోయిరి. 1930 మే నెలలో రంగూను రేవులో సమ్మె కట్టిన తెలుగు కూలీలకును, వారికి బదులుగా తెచ్చిన బర్మీయులకును నడుమ ఘోరమైన కొట్లాట జరిగెను. 1942లో జపానుసేనలు వచ్చినపుడు లక్షలాది భారతీయులు కొండలు, అడవులు దాటి కాలినడకన తిరిగివచ్చిరి. మనియార్డరు ఆగిన యిండ్ల సంగతి ఏ ప్రభుత్వ లెక్కలోను నాకు కనబడలేదు.

ఊరిలో నిలిచినవారిలో పాలేరుది ఒక తీరు, దినకూలీది మరియొక తీరు. పాలేరుకు ఏడాదికింతయని ధాన్యపు జీతము, ముందుగా ముట్టిన బదులు, తెల్లవారకమునుపే కొష్టములో పేడ. స్వేచ్ఛ లేదు, గింజకు మాత్రము లోటు రాదు. కూలివానికి స్వేచ్ఛ యున్నది, రేపటి పని లేదు. కాబట్టియే ఒక కొడుకును పాలేరుగా పెట్టి, రెండవవానిని కూలికి పంపి, వీలున్నచో మూడవవానిని రంగూను పంపిన కుటుంబములుండెడివి. చదువుకొన్నవారు దీనిని నిర్లక్ష్యమందురు. నాకది చక్కని పద్దుల నేర్పుగా తోచును.

1930 తరువాత ధాన్యపు ధర పడిపోయినపుడు సంసారి రైతు కూడ కష్టము చూచెను. అదే సమయమున కృష్ణా గోదావరి జిల్లాలలో శిస్తు రూపాయికి మూడణాలు, అనగా నూటికి 18¾ వంతున హెచ్చింపబూనిరి. దానిపై గొప్ప ఆందోళనము సాగెను. 1938లో మదరాసు ప్రభుత్వము వ్యవసాయదారుల ఋణవిమోచన శాసనము చేసెను. మంచి శాసనమే. అయితే అప్పు పుట్టినవానికే అప్పు తగ్గింపు. భూమి లేని కూలివానికి పుట్టెడిది చేబదులు. దానికి పత్రము లేదు, పత్రము లేనిదానికి విమోచనము లేదు.

కౌలుదారు సంగతియు నిటువంటిదే. కవిసార్వభౌముడు శ్రీనాథుడంతవాడు కడపటి దినములలో బొడ్డుపల్లెను గుత్తకు చేసి, పంట కృష్ణవేణి పాలై, ఏడునూరు టంకములు చెల్లింపలేక అవమానము పొందినట్లు ప్రసిద్ధమగు చాటువు చెప్పుచున్నది. నేటికిని మక్తా ధాన్యము ముందు కొలిచి మిగిలినది తినువాడు అదే వరుసలో నున్నాడు. 2011లో కోనసీమ రైతులు, ఖర్చులు రాకపోవుటచే, సుమారు లక్ష ఎకరములలో సార్వా పంట వేయక విరామము ప్రకటించిరి. ప్రభుత్వము మోహన్ కందా గారి సంఘమును వేసెను, పత్రికలు వ్రాసినవి, రైతు కష్టము దేశమునకు తెలిసినది. రైతు బాధను తక్కువ చేయుట నా యుద్దేశము కాదు. కాని ఆ లక్ష ఎకరముల ఊడ్పులు, కలుపులు, కోతలు ఎన్ని పనిదినములో, ఆ దినములను పోగొట్టుకొన్న యిండ్లెన్నియో ఎవరైన లెక్కవేసిరా? విరామము ప్రకటించు హక్కు కూలివానికి లేదు, వానికి విరామము వచ్చి పడును.

ఇక లెక్క వేసినవారి సంగతి. 1876లో దాదాభాయి నౌరోజీగారు భారతీయుని సగటు రాబడి ఏడాదికి ఇరువది రూపాయలని తేల్చి, అది చెరసాలలో ఖైదీకి పెట్టు కూడుగుడ్డల ఖర్చుకంటె తక్కువని చూపిరి. మదరాసు విశ్వవిద్యాలయపు ఆర్థికశాస్త్రాచార్యుడు గిల్బర్ట్ స్లేటరు తన విద్యార్థులచేత పల్లెలను పరిశీలింపజేసి 1918లో ప్రకటించిన గ్రంథమున మన ఊనగట్ల గ్రామమును చేరియున్నది. 1926లో ఎన్.జి.రంగాగారు డెల్టా గ్రామముల ఆర్థికవ్యవస్థపై గ్రంథము వ్రాసిరి. స్వాతంత్ర్యానంతరము 1950లో జాతీయ నమూనా పరిశీలన ఆరంభమయ్యెను. 1962లో ప్రణాళికాసంఘపు నిపుణులు మనిషికి నెలకు 20 రూపాయలు కనీసమనిరి. 1979లో పల్లెలలో దినమునకు 2400 కేలరీల తిండి యని గీత గీచిరి. 2011–12లో అవిభక్త ఆంధ్రప్రదేశమున పల్లెకు ఆ గీత మనిషికి నెలకు 860 రూపాయలు. దానికి దిగువ నున్నవారు గ్రామములలో నూటికి 11 మంది మాత్రమేయని ప్రకటించిరి.

ఈ 860ని మన పద్ధతిలో పద్దు వేయుదము. అయిదుగురున్న యింటికి నెలకు 4,300, ఏడాదికి 51,600 రూపాయలు. దినకూలి రెండువందలనుకొందము. ఒక్కడే సంపాదించువాడైనచో 258 దినములు పని దొరకవలెను. జ్వరము, పండుగ, చావు, పెండ్లి, వాన – ఏదియు నడ్డురాకూడదు. ఒక్క వరిపై ఆధారపడినవానికి 258 దినములెక్కడ? ఆలుమగలిద్దరును పనిచేసిన తలకు 129 దినములు. అనగా గీత దాటిన యింటిని దాటించినది ఆ యింటి యాడుదాని కూలి. మరి యామె పనిని లెక్కలో వ్రాసినారా?

1961 జనాభా లెక్కలలో దేశమున పనిచేయు స్త్రీలు ఆరు కోట్లకు కొంచెము తక్కువ. 1971లో మూడు కోట్ల చిల్లర. పదియేండ్లలో సగము మంది పని మానలేదు; 'పనివారు' అను మాటకు అర్థము మార్చిరి. ప్రధానవృత్తి యేమన్నప్పుడు 'ఇంటిపని' యని మగవాడు చెప్పినచో స్త్రీ ఆ గడిలోనికి పోయెను. నర్సాపురము లేసు పని దీనికి సాక్ష్యము. పందొమ్మిదవ శతాబ్దపు నడుమ క్రైస్తవ మిషనరీలు నేర్పిన యీ అల్లిక నర్సాపురము, పాలకొల్లు ప్రాంతపు లంకలలో, పల్లెలలో లక్షమందికి పైగా స్త్రీల చేతి పని యయ్యెను. ఏజెంటు దారము తెచ్చి యిచ్చును, అల్లినది తీసికొనిపోవును, అది విదేశములకు పోవును. మరియా మీస్ అను జర్మను విదుషి ఇక్కడికి వచ్చి పరిశీలించి 1982లో గ్రంథము ప్రకటించెను. దినమునకు ఆరు మొదలు ఎనిమిది గంటలు అల్లినను ఒక రూపాయి కూడ చేతికి రాలేదని ఆమె లెక్క. ఆ స్త్రీలలో అత్యధికులు ప్రభుత్వ లెక్కలలో గృహిణులే. 2024లో నర్సాపురము లేసుకు భౌగోళిక గుర్తింపు లభించెను. సంతోషమే. వస్తువునకు పేరు వచ్చినది. అల్లినదానికి పనివారి గడి వచ్చెనా యని చూడవలెను.

1972–73 నుండి నమూనా పరిశీలనవారు వారములోని ప్రతి దినమును పూట చొప్పున అడుగు పద్ధతి తెచ్చిరి. 2005లో ఉపాధి హామీ చట్టము వచ్చి, 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ఆరంభమయ్యెను. ఇంటికి ఏడాదికి నూరు దినములు – దినమును కొలతగా పట్టుకొన్న చట్టమగుటచే నాకది నచ్చినది. అయితే ఈలోగా కోతయంత్రము వచ్చి కోతల దినములను మ్రింగినది. వరిచేలు చేపల, రొయ్యల చెరువులైనచోట ఊడ్పులే లేవు. రంగూను బదులు కువాయిటు వచ్చినది. తాతలు పోయిన దారిన నేడు కోనసీమ, నర్సాపురము తట్టున ఆడువారు పోవుచున్నారు. 'కూలీలు దొరకుటలేద'ని ఊడ్పుల వారములో మనము చెప్పుకొను మాట నిజమే. మిగిలిన వారములలో ఆ కూలీలేమి తినుచున్నారో ఆ మాటలో లేదు.

ఊనగట్లను స్లేటరు విద్యార్థులు చూచిన ఇరువదియేండ్లకు, 1936–37లో మదరాసు విశ్వవిద్యాలయమువారు మరల పరిశీలించిరి. మన యూరిలో ఒక్కసారియు నట్టి పని జరుగలేదు. గ్రంథాలయ కార్యవర్గమువారి అనుమతితో రాబోవు సార్వా మొదలు ఒక పుస్తకము చదువుగదిలో నుంచవలెనని యున్నది. వారమునకొకసారి, ఇష్టపడిన యింటివారు వచ్చి ఆ వారము ఇంటిలో నెవరెవరికి ఎన్ని దినముల పని దొరకెనో, ఏమి ముట్టెనో చెప్పిన వ్రాసికొందుము. ఇంటి పేరుకు బదులు సంఖ్య వేయుదుము గావున ఎవరి గుట్టును బయటపడదు. పుస్తకమునకు గీతలు నేనే గీసి యిత్తును. లేసు అల్లిక, పాడి, ఇంటివద్ద చేయు పనులన్నిటికి వేరు గడి యుండును. ఆ గడి మగవానిని గాక ఆ పని చేసినదానినే అడిగి నింపవలెను. వ్రాయుటకు వీలున్న యువకులు, యువతులు గ్రంథపాలకునివద్ద తమ పేర్లు నమోదు చేయించుకొనగలరు.