ఏ లెక్కలోనూ రాయని మన కొండ నీళ్లు



అడవి గాలినిస్తుంది, వాననిస్తుంది అని బడిలో అందరం వ్యాసాలు రాసినోళ్లమే. కానీ మన విశాఖ మన్యం చరిత్ర చదివితే ఒక సంగతి తెలుస్తుంది. ఈ కొండలకు బయటి నుంచి ఎవరొచ్చినా ముందు లెక్క రాసుకున్నారు. ఒకరు కలప రాసుకున్నారు, ఇంకొకరు ఖనిజం రాసుకున్నారు. నీళ్లను మాత్రం ఎవరూ సరిగా లెక్కలోకి తీసుకోలేదు.

ముందు వచ్చింది కలప లెక్క. 1882లో బ్రిటిషోళ్లు మద్రాసు అటవీ చట్టం తెచ్చారు. రిజర్వు ఫారెస్టు అని గీత గీసి, పోడుకీ పశువుల మేతకీ ఆంక్షలు పెట్టారు. 1922–24లో గూడెం, రంప కొండల్లో అల్లూరి సీతారామరాజుతో, గాం గంటందొర, మల్లుదొరలతో కలిసి మనోళ్లు తిరగబడటానికి ఈ ఆంక్షలూ, రోడ్డు పనుల్లో వెట్టీ పెద్ద కారణాలు. సర్కారుకి అడవి అంటే రాబడి. మనోళ్లకి తిండీ, మందూ, నీళ్లూ అదే.

తర్వాత వచ్చింది బాక్సైట్ లెక్క. అసలు ఈ కొండ ఎలా పనిచేస్తుందో చూడండి. అడుగున ఉన్న రాయి పేరు ఖొండలైట్. మన ఖోండుల పేరు మీదే ఆ రాయికి ఆ పేరు పెట్టారు. లక్షల ఏళ్ల వానలకు ఆ రాయి పైభాగం మారిపోయి లేటరైట్, బాక్సైట్ పొరగా తయారైంది. ఆ పొర నిండా సన్న సన్న బొక్కలే. చెట్లు, గడ్డి, రాలిన ఆకులు వాన జోరుని తగ్గిస్తాయి. నీరు ఒక్కసారిగా కిందికి దూకకుండా మెల్లగా ఇంకుతుంది. బొక్కల పొర స్పాంజిలాగా తాగుతుంది, కిందనున్న బంకమట్టి లాంటి పొర దాన్ని ఆపుతుంది. ఆగిన నీరే కొండ పక్కల్లోంచి ఊటగా బయటికొస్తుంది. వానలు వెనకబడిన నెలల తర్వాత కూడా గెడ్డలు పారేది అందుకే. మోటారూ కరెంటూ లేకుండా మన ఊళ్లలో గ్రావిటీ కుళాయిలకి నీళ్లొచ్చేదీ ఇలాంటి ఊటల నుంచే.

“కొండ నెత్తిన చెట్లే లేవు, గడ్డే కదా, తవ్వితే ఏం పోద్ది?” అని కొందరు అడుగుతారు. నీళ్లు దాచుకునేది ఆ నెత్తే కదా!

ఈ నీళ్లు మనకొక్కరికే కాదు. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని తాటిపూడి రిజర్వాయరుని నింపుతుంది. అక్కడి నుంచి విశాఖపట్నానికి తాగునీరు పోతుంది. శారద నది మీది రైవాడ నుంచి కూడా పోతుంది. విశాఖలో కుళాయి తిప్పేవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

1997 జూలై 11న సుప్రీంకోర్టు సమత తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు మైనింగ్ లీజులు చెల్లవని చెప్పింది. మనకది పెద్ద గెలుపు. కానీ సర్కారు సంస్థలకు దారి మిగిలింది. ఆ దారిలోనే 2015లో జీవో 97 వచ్చింది. జెర్రెల వైపు 1,212 హెక్టార్ల అడవిలో బాక్సైట్ తవ్వకానికి రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థకు అనుమతి ఇచ్చారు. ఊరూరా మనోళ్లు ఎదురు తిరిగారు. చివరికి 2019లో ఆ జీవో రద్దయింది. జీవో రద్దయినా ఖనిజం కొండలోనే ఉంది. ఇంకో జీవో రాదని ఎవరు చెప్పగలరు?

ఇవే కనుమల్లో ఉన్న ఒడిశా నియమగిరిని చూడండి. 2013లో సుప్రీంకోర్టు ఆదేశంతో 12 ఊళ్ల గ్రామసభల్ని అడిగితే, 12 కూడా వద్దన్నాయి. కొండ మా దేవుడు, మా గెడ్డలు పుట్టేది అక్కడే అని డోంగ్రియా కోందులు నిలబడ్డారు. అక్కడ తవ్వకం ఆగింది.

మన చేతిలో కూడా ఒక పనిముట్టు ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 5 చదవండి. నీటి వనరుల్నీ, వాటి పరీవాహక ప్రాంతాల్నీ కాపాడే అధికారం అది గ్రామసభకి ఇచ్చింది. ఈసారి సెలవులకి ఊరెళ్లినప్పుడు పెద్దోళ్లని వెంటబెట్టుకుని ఊటలన్నీ తిరగండి. ఊట పేరేంటి, ఏ నెల దాకా పారుతుంది, ఎన్ని ఇళ్లు తాగుతాయి, ఏ పొలాలు తడుస్తాయి, అన్నీ రాయండి. గ్రామసభలో తీర్మానం చేయించి రిజిస్టర్లో ఎక్కించండి.

కలప లెక్క వాళ్లు రాశారు, ఖనిజం లెక్కా వాళ్లే రాశారు. నీళ్ల లెక్క మనం రాద్దాం.

జై ఆదివాసీ.